ఎలాడియో వెనక గడ్డి

బేస్‌బాల్ పిచ్చర్ ఎలాడియో బంతి విసిరే రోజుల్లో మైదానం సాగుతుంది. బేసుల జోలికి పోదుగాని, వాటి వెనక ఫీల్డర్లు నిలబడే గడ్డి మాత్రం అటో నాలుగడుగులు, ఇటో నాలుగడుగులు జరుగుతుంది. ఆట అయ్యాక మైదానం చూసుకునే ఆరిన్ టేపు పట్టి, "ఇవాళ పదకొండు అడుగులు" అని గొణుక్కుంటూ అతుకులు తీసి సరిచేస్తాడు. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో దాని గురించి ఆరిన్ తప్ప ఎవరూ విసుక్కోరు.

క్లబ్బులో గణాంకాలు చూసే మారిత్ హెగ్లండ్ ఆదివారం పొద్దున్నే కాగితం పట్టుకుని కోచ్ గదికి వెళ్లింది. కోచ్ వాల్ట్ డ్రైయర్ ఆ కాగితంవైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఎలాడియో తొమ్మిది ఇన్నింగ్సులకి ఆరు పరుగులిస్తున్నాడు. ఇంకెన్నాళ్లు మొయ్యమంటావు?"

"వాటిలో సగం గడ్డి వల్ల పోయినవి, కోచ్. పిచ్చర్ చేతిలో ఉన్నవి మూడే. బ్యాట్‌కి అందకుండా ఔట్ చెయ్యడం, ఊరికే బేస్ ఇచ్చెయ్యకుండా ఉండడం, బంతి గోడ దాటకుండా చూసుకోవడం. ఆ మూడే లెక్కేస్తే అతనిచ్చే పరుగులు మూడు పాయింట్ ఒకటి. ఈ లీగ్‌లో నాలుగోవాడు."

"నీకు వాడంటే జాలి. జాలికి దశాంశాలు తగిలిస్తే లెక్క అయిపోదమ్మాయ్."

మారిత్‌కి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందులో కొంత నిజముంది మరి.

"ఆట అవగానే సంచీతో రమ్మన్నాను," అన్నాడు వాల్ట్. సంచీతో రమ్మంటే అర్థమేమిటో ఆటగాళ్లందరికీ తెలుసు. ఎలాడియో వీసా క్లబ్బుదే. క్లబ్బు పొమ్మంటే దేశం కూడా పొమ్మన్నట్టే.

ఆ రోజు రెండు ఆటలు, అందుకని ఆటకి ఏడు ఇన్నింగ్సులే. ఆరు పూర్తయ్యేసరికి ఎలాడియో ఎనిమిది మందిని బ్యాట్‌కి బంతి తగలకుండానే స్ట్రైకౌట్ చేసి పంపేశాడు. ఒక్క పరుగు ఆధిక్యం. ఏడో ఇన్నింగ్స్‌లో మొదటివాడు మెల్లగా నేల మీద కొట్టాడు. గడ్డి జరిగింది, ఫీల్డర్ చెయ్యి చాలలేదు. రెండోవాడికీ అంతే. మూడోవాడికీ అంతే. మూడు బేసులూ నిండిపోయాయి. ఎలాడియో వెనక్కి తిరిగి చూడలేదు. ఒకణ్ణి స్ట్రైకౌట్ చేశాడు. మరొకడు గాల్లోకి లేపిన బంతిని బ్యాటర్ వెనకున్న క్యాచరే పట్టేశాడు. మారిత్ పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే ఆట అయిపోతుంది.

ఆఖరివాడు బంతిని బలంగా బాదాడు. ఆ చప్పుడుకే జనం లేచి నిలబడ్డారు. బంతి గోడవైపు పోతోంది. గడ్డి మళ్లీ సాగడం మొదలైంది, ఈసారి మధ్య నుంచి తిన్నగా వెనక్కి, గోడని కూడా తోసుకుంటూ. ముప్పై అడుగుల అవతల, క్షణం కిందటిదాకా పార్కింగ్ ఉన్నచోట, ఫీల్డర్ వెనక్కి పరిగెత్తి దాన్ని పట్టేశాడు. ఆట గెలిచారు.

మారిత్ వెళ్లేసరికి వాల్ట్ గదిలో నవ్వుతూ కూర్చున్నాడు. "సున్నా పరుగులు. ఇంకేం, ఉంచేద్దాం. ఇప్పుడు సంతోషమేనా?"

అవునని ఊరుకుంటే సరిపోయేది. నోరు తెరిస్తే ఎలాడియో పని అయిపోవచ్చు. మారిత్ కాగితం బల్ల మీద పెట్టింది.

"తొమ్మిది స్ట్రైకౌట్లు," అంది. "ఒక హోమ్ రన్."

"హోమ్ రన్ ఎక్కడ కొట్టారు?"

"ఆ చివరి బంతి. ఏ మైదానంలోనైనా గోడ దాటేదే. నాలుగు పరుగులు పోయేవి. గడ్డి ముంచిందాన్ని అతని మీద వెయ్యొద్దన్నాను. గడ్డి కాపాడిందాన్ని అతని ఖాతాలో ఎలా వేస్తాను?"

వాల్ట్ నవ్వు ఆగిపోయింది.

"దాన్ని కలిపితే ఎంతైంది?"

"ఆ తొమ్మిది స్ట్రైకౌట్లు దాన్ని సర్దేశాయి. మూడు పాయింట్ ఒకటి దగ్గరే ఉంది."

అతను చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టాడు.

తలుపు దగ్గర ఎలాడియో సంచీతో నిలబడ్డాడు. వాల్ట్ తలెత్తలేదు.

"అది కింద పెట్టు. ఇంకో కుర్చీ తెచ్చుకో. ఈ అమ్మాయి ఏం రాసిందో నువ్వూ వినాలి."