దానంతట అదే

పప్పుకు తాలింపు పెడుతుంటే మా ఆయన తిరుపతి వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇగ నీకు పనేముంది, అంతా మిషనే చేసుకుంటది గదా" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. ముందురోజు నేనే చెప్పాను మరి. దవాఖానాల అపాయింట్‌మెంట్ల కోసం మా కంపెనీ నడిపే వెబ్‌సైటుకు ఆటోమేటెడ్ టెస్టింగ్ పెట్టానని, ఇకపై ఎవరు కోడ్ మార్చినా పరీక్షలన్నీ వాటంతటవే నడిచి, అన్నీ పాసైతేనే కొత్త కోడ్ సైటులోకి వెళ్తుందని.

అంతకుముందు ఆ పనంతా ఒక మనిషే చేసేది. ఆ మనిషి నేనే. కొత్త మార్పు వచ్చిన ప్రతిసారీ ఇంటి నుంచే ఒక్కో పేజీ తెరిచి, దొంగ పేర్లతో అపాయింట్‌మెంట్లు పెట్టి, రద్దు చేసి, అన్నీ సరిగ్గా ఉంటే నా చేత్తో సర్వర్లోకి ఎక్కించేదాన్ని. సరిగ్గా ఉన్నన్నాళ్లూ ఎవరికీ గుర్తురాను. ఒక్క పేజీ ఆగితే "సువర్ణ చూడలేదా?" అని అందరూ అడిగేవాళ్లు. ఈ పాల్వంచ కరెంటు ప్లాంటు క్వార్టర్‌లోనూ అంతే. తిరుపతికి ఏ షిఫ్టు పడితే వంటిల్లు ఆ షిఫ్టుకు మారుతుంది. ఉతికిన యూనిఫాం కొక్కేనికి ఉంటుంది, టిఫిన్ డబ్బా బ్యాగులో ఉంటుంది. అవి అక్కడికి ఎలా వచ్చాయో ఆయన ఎన్నడూ అడగలేదు. మా అత్త కమ్లి చెడ్డ మనిషేం కాదు, కూరగాయలు తరిగి ఇస్తుంది. కానీ నేను ఫ్రిజ్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఆ పరీక్షలు రాస్తున్నన్ని వారాలూ పక్కింటామెతో, "మా కోడలు ఇంట్లనే కూసుంటది, తీరికనే" అని చెప్పేది. మొదట్లో మనసుకు గుచ్చుకునేది. ఈ మధ్య ఏదీ గుచ్చుకోవడం లేదు.

ఆ మధ్యాహ్నం హైదరాబాద్ ఆఫీసు నుంచి నాగచైతన్య ఫోన్ చేశాడు. ఆ టెస్టులు రాయడం అతనికి నేర్పింది నేనే.

"అక్కా, సర్వర్ పాస్‌వర్డులు ఎక్కడ దాచిందీ కొంచెం చెప్తారా? ఈ పనికి ఇక్కడ కొత్త టీం పెడుతున్నారు. నన్ను లీడ్‌గా వేశారు."

"మంచిది చైతన్యా."

"నిజానికి మిమ్మల్నే అనుకున్నారక్కా. మీకు కుదరదన్నారంట గదా. శ్రీధర్ సార్ చెప్పారు."

మా మేనేజర్ శ్రీధర్‌తో నేనెప్పుడన్నానని అడగబోయి ఆగాను. అతను అడిగిందంతా వివరంగా చెప్పి ఫోన్ పెట్టేశాను.

తిరుపతి అన్నం తింటున్నాడు.

"శ్రీధర్ సార్ ఫోన్ చేసిండా?" అని అడిగాను.

"అవ్, మొన్న చేసిండు. నువ్వు మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నవ్, నీ ఫోన్ నేనే ఎత్తిన. హైదరాబాద్‌ల ఉండాలన్నడు. కుదరదని చెప్పిన." ముద్ద కలుపుకుంటూ, "నువ్వు పోతవా ఏంది?" అన్నాడు. నా జవాబు కోసం తలెత్తలేదు. మజ్జిగ గిన్నె కోసం చూశాడు.

కోపం వస్తుందేమోనని ఆగాను. రాలేదు. ఏడుపూ రాలేదు. చెయ్యి తనకు అలవాటైన పని తాను చేసింది, ఆయన కంచంలో మజ్జిగ పోసింది. నా చేతిని ఎవరిదో చేతిలా చూస్తూ నిలబడ్డాను. గిన్నె కింద పెట్టి, ఆయన ఎదురుగానే శ్రీధర్‌కు ఫోన్ కలిపాను.

"సార్, సువర్ణను. హైదరాబాద్ లీడ్ పని సంగతి మాట్లాడదామని చేశాను."

"మీకు కుదరదని మీ ఆయన చెప్పారు కదమ్మా. అందుకే చైతన్యకు ఇచ్చాం."

"ఆయన తనకు కుదరదని చెప్పారు సార్. నన్ను మీరింకా అడగలేదు."

తిరుపతి ఇప్పుడు తలెత్తాడు. గుమ్మంలో కమ్లి అత్త, "మరి అన్నం ఎవలు వండుతరు?" అంది, అడగాల్సింది నన్నో కొడుకునో తెలియనట్టు మా ఇద్దరి మధ్యకు చూస్తూ.

అటువైపు నుంచి శ్రీధర్, "సరే, అడుగుతున్నా. వస్తారా?" అన్నాడు.

"వస్తాను" అన్నాను. అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. అనిపించడం తర్వాత మొదలవుతుందేమో అనుకుని, ఎప్పట్నుంచి రావాలో అడిగాను.