రెండో కోడలి గొంతు

నన్ను మీరెవరూ చూసి ఉండరు గానీ తిట్టి మాత్రం ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే సీరియల్లో రెండో కోడలు ఉందే, అత్తగారి మందు సీసా మార్చి, తోడికోడలి మీద దొంగతనం అంటగట్టి, మామగారి చేత ఇల్లు రాయించుకోవాలని చూసే మహాతల్లి, ఆమె నోట్లోంచి వచ్చే గొంతు నాది. ముఖం ఇంకొకామెది. ఆ ముఖానికి మా డబ్బింగ్ థియేటర్లో మేము పెట్టుకున్న పేరు మహారాణి. సెట్లో తన కుర్చీలో ఎవరైనా కూర్చుంటే దాన్ని తుడిపించి గానీ కూర్చోదట, అందుకని.

మహారాణికి అందం ఉంది, కాదనను. కళ్ళు ఇంతింత. నటన సంగతి అడిగారా, కుడి కనుబొమ్మ ఎత్తితే కోపం, ఎడమది ఎత్తితే పన్నాగం, రెండూ ఎత్తితే ఆ రోజు ఎపిసోడ్ అయిపోయిందని అర్థం. మిగిలినదంతా నేను పోసిందే. ఆమె అసలు గొంతు జలుబు చేసిన చంటిపిల్ల గొంతులా ఉంటుంది. సెట్లో పక్కనుంచి ఒకతను డైలాగు చదువుతుంటే, ఆమె పెదాలు కదిపి వెళ్ళిపోతుంది. ఆ బొమ్మ మా దగ్గరికి వస్తుంది. నేను చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ఆ పెదాలకి మాట అతికిస్తాను. 'చూస్తానత్తయ్యా' అన్న ఒక్క మాటని పళ్ళ మధ్య నలిపి వదిలితే ఇళ్ళలో ఆడవాళ్ళు టీవీ మీదికి చెప్పులు విసిరేవాళ్ళు. నాకు అంతకంటే బిరుదు అక్కర్లేదు.

అందరికంటే ముందు విసిరేది మా అత్తగారే. రోజూ టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, 'నీ నోరు పడిపోను' అని రెండో కోడల్ని తిడుతూ ఓరకంట నన్ను చూసేది. ఆ నోరు ఎవరిదో ఆవిడకి బాగా తెలుసు. మొహం మీద అనలేనివన్నీ టీవీకి చెప్పుకునేది. నేను కూరలు తరుగుతూ నవ్వుకునేదాన్ని. ఇంట్లో గొడవలన్నీ అలా మధ్యాహ్నంతో తీరిపోయేవి, ఎవరికీ నష్టం లేదు.

నష్టం మా అక్క కూతురి రూపంలో వచ్చింది. ఏ ఉద్యోగంలోనూ నిలవడం లేదు, నీ దగ్గర ఏదైనా నేర్పవే అని అక్క బతిమాలితే తీసుకొచ్చి థియేటర్లో నిలబెట్టాను. ఒకసారి వింటే చాలు, అచ్చుగుద్దినట్టు అప్పజెప్పేది. అందుకే అందరం చిలక అని పిలిచేవాళ్ళం. విషపు మాట పలికే ముందు ఊపిరి ఎక్కడ ఆపాలో, పెదవి విప్పకుండా ఎలా నవ్వాలో, అత్తయ్యా అన్న పిలుపులో కత్తి ఎక్కడ దాచాలో అన్నీ నేర్పాను. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అని వినడమే గానీ, ఆ మేకు నా నెత్తినే దిగుతుందని అనుకోలేదు.

అసలు గొడవ ఒక బట్టల కొట్లో మొదలైంది. దుప్పటి బేరం చేస్తున్నాను. కొంచెం గట్టిగానే చేస్తున్నాననుకోండి. కొట్టు ఆవిడ చేతిలో దుప్పటి వదిలేసి, 'అమ్మో, రెండో కోడలు' అంది. అంతే, జనం మూగారు. ఒక్క మాట అనండి, ఒక్క నవ్వు నవ్వండి అని పోరు పెడితే అన్నాను. ఎవరో ఫోనులో తీశారు. అది ఊరంతా తిరిగింది. పత్రికలో కూడా వచ్చింది, ముఖం ఎవరిదైతేనేం, ఆ పాత్రకి ప్రాణం ఈ గొంతు అని. నేను ఆ ముక్క కత్తిరించి దాచుకోలేదు గానీ చాలాసార్లు చదువుకున్నాను.

మహారాణి కూడా చదివింది. వారం తిరక్కుండా, ఎన్నడూ మా థియేటర్ మెట్లెక్కని మనిషి ఎక్కి వచ్చింది. అక్కా అక్కా అని నన్ను వాటేసుకుంది. నువ్వు లేకపోతే నేను లేనంది. చిలకని పిలిచి, ఎంత చక్కటి పిల్ల అని బుగ్గ గిల్లి, ఇంటిదాకా తన కారులో దింపుతానని తీసుకెళ్ళింది. ఆ తర్వాత రోజూ దింపింది. నేనెంత వెర్రిదాన్నంటే, పిల్లకి పెద్దవాళ్ళ పరిచయం దొరికిందని సంబరపడ్డాను. ఇన్నేళ్ళు పన్నాగాలు పలికిన నోరు నాది, కళ్ళముందు జరిగే పన్నాగం మాత్రం కనపడలేదు.

ఒక ఉదయం మేనేజరు టీ చేతికిచ్చి మరీ చెప్పాడు. నా గొంతులో వయసు తెలుస్తోందట. మేడం ముఖానికి నప్పడం లేదట. ఈ వారం నేను పూర్తి చేస్తే వచ్చే వారం నుంచి మా చిలకే చెబుతుందట. అదేదో నాకు శుభవార్త అన్నట్టు, 'అచ్చం మీ గొంతేనమ్మా, ఎవరికీ తేడా తెలియదు' అన్నాడు. నేను చిలక వైపు చూశాను. అది ఫోను చూసుకుంటోంది.

"నేను కాకపోతే ఇంకెవరో చేసేవాళ్ళు కదా పిన్నీ," అంది, తల ఎత్తకుండా.

కడుపు మండిపోయింది. పని పోయినందుకు కాదు. నర్సులూ పక్కింటి ఆడవాళ్ళూ పెళ్ళికొడుకు తల్లులూ ఏ సీరియల్లోనైనా ఉంటారు, వాళ్ళకి గొంతు ఇచ్చి బతకగలను. కానీ రెండో కోడల్ని కన్నది నేను. కాగితం మీద ఆమె ఉత్త గయ్యాళి. ఆ గయ్యాళికి తెలివి, పొగరు, వెటకారం పోసి మనిషిని చేసింది నేను. దాన్ని మా అక్క కూతురికి నేనే నేర్పి, తీసుకెళ్ళి మహారాణి ఒళ్ళో పెట్టినట్టయింది. టీ చల్లారేలోపల ఒకటి తేల్చుకున్నాను. నేను లేని రెండో కోడలు ఎవరికీ మిగలకూడదు. ఉంటే నాకుండాలి, లేకపోతే లేకుండా పోవాలి.

ఎలా అంటారా? మా పనిలో ఒక సుఖం ఉంది. మాట ఎవరూ వినరు. సౌండ్ చూసే ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. ఆయన ఎన్నేళ్ళుగానో పెదాలు కుదిరాయా లేదా అన్నదొక్కటే చూస్తాడు. కథేమిటని అడిగితే చెప్పలేడు. డైరెక్టరు సెట్లో రేపటి సీన్ల వెనక పరుగులు పెడుతుంటాడు. మా దగ్గర ఇవాళ పూర్తయింది రేపు మధ్యాహ్నం జనం చూసేస్తారు. ఇక మహారాణి అయితే తన సీరియల్ని రోజూ చూస్తుంది, కానీ శబ్దం తీసేసి చూస్తుంది. మేకప్ పిల్ల చెప్పిన మాట ఇది. తన నోట్లోంచి పరాయి గొంతు వస్తుంటే ఆమె వినలేకపోతుందట. బుగ్గ మీద వెలుగు ఎలా పడిందో చూసుకుని టీవీ కట్టేస్తుందట.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. సీరియల్లో చెడ్డది ఏం చేసినా బతుకుతుంది. విషం పెట్టొచ్చు, కొంప ముంచొచ్చు, జైలుకెళ్ళి తిరిగి రావచ్చు. మంచిది మాత్రం కాకూడదు. మారిన మనిషికి కథలో పనుండదు. నాలుగు రోజులు అందరికీ కాఫీలు అందిస్తుంది, ఫొటోలో వెనక వరసలో నవ్వుతుంది, ఆ తర్వాత దూరపు బంధువుల ఊరికి పంపేస్తారు.

ఆ రోజు సీను అత్తగారి మంచం దగ్గర. 'నేనుండగా మిమ్మల్ని ఈ గుమ్మం దాటనివ్వనత్తయ్యా. మీ ప్రాణం నా చేతుల్లో ఉంది.' మామూలుగా అయితే వినేవాళ్ళకి వెన్నులో చలి పుట్టేలా చెప్పేదాన్ని. ఆ రోజు ఒక్క అక్షరం మార్చలేదు. జబ్బుపడిన తల్లి దగ్గర కూర్చుని, ఏడుపు దిగమింగుకుంటూ ధైర్యం చెప్పే కూతురిలా చెప్పాను. తెర మీద మహారాణి కుడి కనుబొమ్మ లేచే ఉంది. నా గొంతు కలిశాక ఆ కనుబొమ్మ కోపంలా లేదు, కన్నీళ్ళు ఆపుకుంటున్నట్టు ఉంది. పెదాలు కుదిరాయి, తర్వాతది పెడుతున్నా అన్నాడు బాబాయ్.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కాసేపటికి కొంగుతో కళ్ళొత్తుకుని, 'దీని కడుపులో ఏదో బాధ ఉందే, మనకే తెలియలేదు' అంది. ఆవిడ కంట నీరు చూడటం నా కాపురంలో అదే మొదలు. నా మందు పనిచేస్తోందని అప్పుడు తెలిసింది.

వారమంతా అలాగే పోశాను. బెదిరింపులు బతిమాలుకోవడాలయ్యాయి. తోడికోడల్ని తిట్టిన తిట్లు, ప్రేమ చెప్పడం చేతకాని మనిషి గింజుకోవడంలా వినిపించాయి. ఛానెల్‌కి ఫోన్లు మొదలయ్యాయి. పాపం రెండో కోడలు, దాన్ని ఎవరూ అర్థం చేసుకోవడం లేదని. చూసేవాళ్ళు పెరిగారు. బజార్లో ఆడవాళ్ళు మహారాణిని వాటేసుకుని ఏడ్చారట. ఆమె ఏమనుకుందో తెలుసా? తన నటన పండిందనుకుంది. ఛానెల్ పెద్దలు పిలిచి ఈ మార్పు ఎవరి ఆలోచన అని అడిగితే, క్షణం ఆలస్యం చెయ్యకుండా నాదే అంది. ఆ పాత్ర లోపల ఒక గాయం ఉందని తనకి మొదటినుంచీ అనిపించేదని పత్రికవాళ్ళకి కూడా చెప్పింది. అది చదివి వంటింట్లో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. గొయ్యికి నేను గీత గీశానంతే, తవ్వుకున్నది ఆమే.

తర్వాతి వారం చిలక మైకు ముందు నిలబడింది. నేర్పినదంతా తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. పాపం, నేను నేర్పింది విషమొక్కటే. ఇదేమిటి, మాకు ఆ కన్నీళ్ళ గొంతు కావాలన్నారు ఛానెల్‌వాళ్ళు. ఏడ్చి చూపించమంటే కడుపునొప్పి వచ్చినదానిలా మూలిగిందట. మధ్యాహ్నానికల్లా మేనేజరు నాకు ఫోను చేశాడు. మీరే రావాలమ్మా, ఏదో పొరపాటు జరిగింది అన్నాడు. వయసు సంగతి ఏమైందని అడిగాను. దగ్గాడు.

నిజం చెప్పాలంటే అక్కడితో ఆపొచ్చు. నా చోటు నాకు వచ్చింది. మెల్లగా మళ్ళీ పాత విషం కలుపుకుంటూ పోతే, రెండో కోడలు ఇంకో పదేళ్ళు బతికేది. మూల కుర్చీలో ముఖం వేలాడేసుకుని కూర్చున్న చిలకని చూస్తే, పోనీలే చిన్నపిల్ల అని కూడా అనిపించబోయింది. అంతలో అదే గదిలో మహారాణి నన్ను వాటేసుకోవడం గుర్తొచ్చింది. ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. మైకు ముందుకెళ్ళి, ఇంకాస్త మంచిగా చెప్పాను.

ఇక కథ దానంతటదే నడిచింది. రెండో కోడలు అత్తగారి కాళ్ళ మీద పడి చేసినవన్నీ ఒప్పుకుంది. ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత డైలాగులు తగ్గాయి. విదేశం నుంచి ఆడపడుచు దిగింది, కొత్త కనుబొమ్మలతో, కొత్త పన్నాగాలతో. ఒక రోజు ఎపిసోడ్ మొత్తంలో మహారాణికి 'కాఫీ తీసుకోండి మామయ్యా' అన్న మాటొక్కటే మిగిలింది. ఆ రోజు ఇంటికెళ్ళి మొదటిసారి శబ్దం పెట్టి, పాత ఎపిసోడ్లన్నీ విందట.

మర్నాడు మేకప్ లేకుండా థియేటర్‌కి వచ్చింది. మేకప్ లేకపోతే మనలాగే ఉంది. బాబాయ్‌ని బయటికి పంపమంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు, నిజంగానే వంగబోతే నేనే వెనక్కి జరిగాను.

"నువ్వే కదక్కా చేసింది," అంది.

అవునన్నాను. దాచాలని ఎప్పుడూ అనుకోలేదు, అడిగినవాళ్ళు లేరు అంతే.

"వెళ్ళిపోయే సీను ఇంకా నువ్వు చెప్పలేదట. 'మళ్ళీ వస్తానత్తయ్యా' అని ఉంది. ఆ ఒక్క మాట పాతలాగా చెప్పు. ఇదంతా నాటకమేమోనని చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది, ఛానెల్‌వాళ్ళు కథ తిప్పుతారు. నన్ను మళ్ళీ చెడ్డదాన్ని చెయ్యక్కా."

తెలివైన మాటే. ఆ ఒక్క మాట పళ్ళ మధ్య నలిపి వదిలితే చాలు, రచయిత ఎగిరి గంతేసేవాడు, రెండో కోడలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేది. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. నాలుక మీద ఆ పాత రుచి తగిలింది. ఆమె నా ముఖంలో అది చూసింది కాబోలు, నా చెయ్యి పట్టుకుంది.

"చెయ్యను," అన్నాను.

"అది పోతే నీకూ ఉండదు కదా."

"ఉండదు. నీకు లేకపోతే చాలు."

చెయ్యి విడిపించుకుని బాబాయ్‌ని లోపలికి పిలిచాను. ఆమె వెళ్ళలేదు. అద్దం అవతల, చిలక పక్కన నిలబడిపోయింది. ఎర్ర దీపం వెలిగింది. తెర మీద రెండో కోడలు పెట్టె పట్టుకుని గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. 'మళ్ళీ వస్తానత్తయ్యా' అన్నాను, ఇక ఎన్నటికీ రాదని వినేవాళ్ళందరికీ తెలిసేలా. అంత మెత్తగా నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ మాట్లాడలేదు.

అద్దం అవతల మహారాణి తన సొంత గొంతుతో ఏడుస్తోంది. ఆమె మీద జాలి కలుగుతుందేమోనని కాసేపు నిలబడి చూశాను. కలగలేదు. చిలక మీదా కలగలేదు. చెప్పులేసుకుని బయటికి వచ్చాక రెండో కోడలి మీద కలిగింది. ఎండలో మెట్ల మీద కూర్చుని దాని కోసం ఏడ్చాను.