యార్డు గేటు ముందు వంటావార్పు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. సిరిసిల్లలో బడులకు తాళం, ఆఫీసులకు తాళం. సుధాకర్ రావు యార్డుకు మాత్రం తాళం లేదు. తంగళ్ళపల్లి రోడ్డు మీద, మా వాడకు ఎగువన, రెండెకరాల జాగాలో అద్దకం రంగుల డ్రమ్ములు, ఉప్పు బస్తాలు, బూడిద గుట్టలు. పైన రేకు లేదు, కింద గచ్చు లేదు, చుట్టూ కట్ట లేదు. వాన పడితే అదంతా కడుక్కుని మా బావిలోకే దిగుతుంది.

ఆ నెల వానలకు బావి నీళ్లు ఎర్రబడ్డాయి. జోహరా బీ బతుకు ఆ బావి మీదే. పొద్దున్నే అన్నం, పప్పు వండి మరమగ్గాల సాంచాల మీద పనిచేసేవాళ్లకు అమ్ముతుంది. అన్నంలో రంగు కనబడ్డ రోజున ఇద్దరు పళ్లేలు కింద పెట్టి లేచిపోయారు. మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. ట్యాంకరు నీళ్లు కొని వండితే ఆమెకు గిట్టదు. పదిహేను రోజులుగా పొయ్యి వెలగలేదు.

టీచర్ని కాబట్టి అర్జీ రాసే పని నా మీద పడింది. ఎవరి బండి మీదో కరీంనగర్ పోతే, కాలుష్యం చూసే ఆఫీసుకు తాళం. బయట టెంటు కింద ఆ ఆఫీసు ఉద్యోగి సామేలు కూర్చుని ఉన్నాడు. అర్జీ మొత్తం చదివాడు.

"రూలైతే ఉన్నది మేడం. కప్పు, గచ్చు, కట్ట లేకుంటే యార్డు మూపియ్యచ్చు. గని నేను సమ్మెల ఉన్న. సంతకం పెట్ట."

నేనూ సమ్మెలోనే ఉన్నాను. అదే నాకు ఎక్కువ మండింది.

అటునుంచి సుధాకర్ రావు దగ్గరికే పోయాను. ఒకప్పటి దొరల కుటుంబం, ఇప్పుడు వ్యాపారం. ఉద్యమంలో ఎప్పుడూ ముందు వరుస.

"తెలంగాణ రానియ్యి టీచరమ్మా, అన్నీ సాఫు జేసుకుందం. ఇప్పుడు మనలమనం లొల్లి వెట్టుకుంటే అవతలోళ్లు నవ్వుతరు" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో.

ఆ వారమే ఆయన రాస్తారోకో, వంటావార్పు పెట్టించాడు. ఎక్కడో కాదు, తన యార్డు గేటు ముందే. పత్రికల్లో తన బోర్డు కూడా పడాలిగా. వంటకు జోహరా బీని పిలిచాడు. ఆమె సరేనంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు రోషం లేదా అక్కా?" అన్నాను.

"ఉన్నది. అందుకే వండుత. నువ్వు జర నోరు మూస్కోని సూడు."

ఆ రోజు పొద్దున సుధాకర్ రావు మైకు పట్టుకుని, "గెలిచేదాక గీడికెల్లి లేవం" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా. రోడ్డు మీద టెంటు కట్టి విస్తర్లు వేశారు. కరీంనగర్ ఉద్యోగులు వచ్చారు, వాళ్లలో సామేలు ఉన్నాడు. వంటావార్పులో మొదటి ముద్ద నాయకుడిది. కెమెరాల ముందు ఆయన తినందే మరొకరు విస్తరి ముట్టరు.

పెద్ద గుండిగ పక్కన జోహరా బీ చిన్న గిన్నె ఒకటి దించింది. మూత తీసి సుధాకర్ రావు విస్తరిలో వడ్డించింది. అన్నం దానిమ్మ గింజల రంగులో ఉంది.

"ఏంది గిది?"

"బువ్వ. గా గుండిగల ట్యాంకరు నీళ్లు. మీ ఒక్కలకు మా బాయి నీళ్లతోటి వండిన. తినుండ్రి రావు సాబ్. మీరు ముట్టందే ఎవ్వలు ముట్టరు."

కెమెరాలు దగ్గరికి జరిగాయి. ఆయన చెయ్యి విస్తరి అంచు మీదే ఆగిపోయింది.

"గిది ఇప్పటి ముచ్చట గాదు జోహరా. తెలంగాణ అచ్చినంక—"

"మరి మా బాయి ఏడున్నది సాబ్? తెలంగాణల లేదా?"

వరుసల్లో ఎవరూ అన్నం ముట్టలేదు. సామేలు లేచి వచ్చి, ఆ విస్తరి వైపు చూసి, నేను సంచిలోంచి తీసిన అర్జీ అందుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సమ్మె దిగిననాడు నా తొలి సంతకం దీనిమీదనే" అన్నాడు.

అంతలో కోరుట్ల నుంచి డ్రమ్ముల లారీ వచ్చి హారన్ కొట్టింది. సుధాకర్ రావు చేయూపాడు.

"జర తొవ్వ ఇయ్యుండ్రి, లారీ లోపటికి పోవాలె."

"రాస్తారోకో గద సాబ్" అంటూ జోహరా బీ గేటుకు అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన నేను కూర్చున్నాను. మా వాడ ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. లారీ వెనక్కి తిరిగింది.

సాయంత్రం టెంటు విప్పారు, నాయకులు పోయారు. మేం లేవలేదు. సుధాకర్ రావు మళ్లీ వచ్చాడు, ఈసారి కెమెరాలు లేవు.

"ఇంక ఎన్ని దినాలు గూసుంటరు?"

జోహరా బీ పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

"పొద్దుగాల మైకుల మీరే చెప్పిండ్రు గద సాబ్. గెలిచేదాక."