స్టీరింగ్ పట్టిన చెయ్యి

మేడంది పోర్చుగల్, సారుది ఇంగ్లండ్. ఈ అరబ్బు దేశంలో, అల్ ఘర్రాఫా పేటలో వాళ్ళ విల్లాలో నేను ఇంటిపని చేస్తాను. నా భర్త తిరుమల్ వాళ్ళ డ్రైవరు. మేడం కోర్టు కాగితాలను ఇంగ్లీషు నుంచి తన భాషలోకి మారుస్తుంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఆమె మాటలు వినే కాస్త ఇంగ్లీషు వచ్చింది.

పోయిన వారం నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే మేడం మాటల్లో చెప్పింది: "క్రిమినల్ లయబిలిటీ అంటే నేరానికి కట్టుబడటం. మా భాషలో రెష్‌పోన్సబిలిదాద్ పెనాల్ అంటాం, జవాబు చెప్పుకోవడం. ఎలా అన్నా ఒకటే పుష్పా. అప్పయితే ఇంకొకరు తీర్చొచ్చు. నేరం మాత్రం చేసినవాడిదే."

నిన్న సాయంత్రం సారు కారుతో ఒక డెలివరీ మనిషిని గుద్ది, ఆగకుండా ఇంటికొచ్చాడు. ఆ డెలివరీ మనిషి కాలు విరిగిందట. మేడం తిరుమల్‌ను కూర్చోబెట్టి, ఎన్నడూ లేనిది, తన కప్పులో కాఫీ ఇచ్చింది. "నువ్వే నడిపానని చెప్పు. మిగతాది మేం చూసుకుంటాం" అంది.

వీడు తల ఊపాడు!

మా గదిలోకి రాగానే నిలదీశాను. "జైలుకు పోతవా? మన బిడ్డ అమ్ము ఇంక పాలు సుత మరువలే!"

"అట్లగాదే. సారు అన్నం పెట్టిండు. డ్రైవర్లందరు గిట్లనే ఒప్పుకుంటరట. జల్ది ఇడుస్తరట."

"నేరం చేసినోనిదే అని ఆమెనే చెప్పింది గదా!"

"అది ఆమె పనిల మాట. ఇది ఇంట్ల మాట."

పొద్దున మేడం కారు తుడవమంది. పూలకుండీ జరపమన్నంత మెత్తగా, "సీటు ముందుకు లాగు" అని కూడా అంది. సారు పొడుగు. సీటు వెనక్కి తోసుకుంటాడు. తిరుమల్ పొట్టి. బంపరుకు ఆ మనిషి చొక్కా పీలిక అంటుకొని ఉంది. దాన్ని చూసి, ఆ మెత్తని గొంతు గుర్తొచ్చి, తుడిచే బట్ట పక్కన పడేశాను. పీలికను, సీటును ముట్టలేదు.

కారు నంబరు పట్టుకొని పోలీసు వచ్చాడు. సారు, మేడం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తిరుమల్ "నేనే..." అంటుండగానే అమ్మును చంకనేసుకొని అడ్డం వెళ్ళాను.

"పో, కూసో ఆ సీట్ల. నీ కాలు అందుతదేమో సూడు!"

పోలీసుకు నా తెలుగు తెలియదు. కారు తలుపు తీసి చూపించాను. తిరుమల్ కూర్చొని కాలు చాపాడు. పాదం బ్రేకుకు జానెడు దూరంలోనే ఆగింది.

పోలీసు మెల్లగా తిరిగి సారు కాళ్ళ వైపు చూశాడు.