మోతీ ఉపవాసం

మోతీని దిండు గలీబులోకి దూర్చడానికి నాకు పావుగంట పట్టింది. మోచేతి దాకా గీతలు పడ్డాయి. అయినా ఆ పొద్దున నా సంతోషం అంతా ఇంతా కాదు! ఖమ్మం నుంచి నెలకొక ఆదివారం భద్రాచలం వచ్చే పశువుల డాక్టరమ్మ అరుణశ్రీ మా పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానంది. ఆ ఆదివారం రానే వచ్చింది.

మాది సారపాక. కాగితం మిల్లులో కాంట్రాక్టు పని నాది. పిల్లికి ఆపరేషన్ అంటే నాతో పనిచేసేవాళ్లంతా పడీపడీ నవ్వారు. "రోజా, రేపు దానికి సీమంతం గూడ చేస్తవా ఏంది?" అని ఒకామె. నవ్వితే నవ్వారు, నాకేం పోయింది? ఏడాదిలో రెండు కాన్పులు, తొమ్మిది కూనలు. ఐదింటిని గడ్డం పట్టుకుని బతిమాలి పంచాను. నాలుగింటిని కుక్కలు పట్టుకుపోయాయి. ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

పైగా మా ఇంటి ఓనరు బసవపున్నయ్యగారు మాటంటే మాట మనిషి. "అమ్మాయ్, ఇంకోసారి పిల్లల్ని పెట్టిందంటే తల్లితో సహా ములకలపల్లి అడివిలో వదిలేసొస్తాను" అని తేల్చి చెప్పాడు. మూడు రోజులుగా ప్రహరీ మీద ఒక గండుపిల్లి తిష్ట వేసుకుని కూర్చుంది. ఈ ఆదివారం తప్పితే మళ్లీ నెల ఆగాలి. ఆ గండుపిల్లి నెల ఆగుతుందా? అందుకే ఓవర్‌టైం చేసి ఆపరేషన్‌కీ, టీకాకీ, నట్టల మందుకీ సరిపడా కూడబెట్టాను. దసరా చీర మాట మరిచిపోయాను.

మా అత్తమ్మ ఉప్పలమ్మ ఆటో ఎక్కి కూరగాయల బుట్ట ఒళ్లో పెట్టుకుంది. బుట్టలో గలీబు, గలీబులో మోతీ. గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ అది ఊరంతా వినేలా అరుస్తూనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "బుట్టల ఏముందక్కా?" అన్నాడు. "మా ఇంటి ఆడపిల్ల" అన్నాను. నాకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

తొమ్మిదింటికల్లా మోతీ ఆసుపత్రి బల్ల మీద ఉంది. డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తూ, "రాత్రి నుంచి ఏమీ పెట్టలేదు కదా?" అని అడిగింది.

"చుక్క పాలు గూడ పొయ్యలే మేడం" అన్నాను గర్వంగా.

"మంచిది. కడుపులో తిండి ఉంటే మత్తులో కక్కుకుంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణానికే ముప్పు."

సూది మోతీ తొడ దగ్గరికి వచ్చింది.

"ఆగు బిడ్డా!" అని అత్తమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టేసుకుంది. "తిన్నది. పొద్దుగాల ఆరింటికి నేనే పెట్టిన. చేపల పులుసు కలిపి ఇంత బువ్వ."

నాకు ఒళ్లు మండిపోయింది. కాపురానికి వచ్చిన పదకొండేళ్లలో అత్తమ్మ మీద ఎన్నడూ గొంతెత్తలేదు. ఆ రోజు ఎత్తాను. "ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా? నెత్తి నోరు కొట్టుకోని చెప్తి గదా పెట్టొద్దని!"

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. "ఇంట్లకెల్లి పోయేటోళ్లను ఉత్త కడుపుతోటి ఎట్ల పంపుత? వీరబాబు పుట్టినంక నాకు గూడ గీ ఆపరేషనే చేసిండ్రు. క్యాంపుల. పొద్దటి సంది మంచినీళ్లు ముట్టనియ్యక మాపటి దాక వరుసల కూసోబెట్టిండ్రు. ఇంటికొస్తే బువ్వ తిన్నవా అని అడిగినోళ్లు లేరు. మూడోనాడు నాట్లకు పోయిన. పొద్దుగాల ఇది నా మొకం దిక్కు జూసి అరిచింది. గదంత యాదికొచ్చింది."

వీరబాబు నా మొగుడు. ఆయనకైనా ఈ సంగతి తెలుసో లేదో.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది. "చెప్పి మంచి పని చేశావమ్మా, పిల్లి ప్రాణం కాపాడావు. తిన్నది అరిగాక, రెండింటికి దీన్నే ఆఖరున చేస్తా. మూడింటి బస్సు పోతే ఇంకో బస్సు ఎక్కుతా."

బతుకుజీవుడా అనుకున్నాను! వేపచెట్టు కింద కూర్చుని గంటలు లెక్కపెట్టాం. మధ్యాహ్నం నేను ఇడ్లీ పొట్లం విప్పితే అత్తమ్మ ముట్టలేదు. "అది తినకుంట నేనెట్ల తింట?" అంది. రెండింటికి మోతీని లోపలికి తీసుకెళ్లారు. తలుపు తెరుచుకునే దాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

"అయిపోయింది. బాగుంది" అంది డాక్టరమ్మ.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"వారం దాకా దూకనియ్యకండి, పరిగెత్తనియ్యకండి. వేళకు తిండి పెట్టండి" అని డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది.

"వారమా?" అంది అత్తమ్మ.

ఇంటికి వచ్చేసరికి బసవపున్నయ్యగారు గేటు దగ్గరే ఉన్నాడు. మోతీ పొట్ట మీద కుట్లు చూపించాను. "అయితే సరేలే, ఉండనీ" అని గండుపిల్లిని కర్రతో అదిలించాడు. దీపాల వేళకు మోతీ తల ఎత్తి నాలుగు చుక్కలు నీళ్లు తాగింది. ఆ నాలుగు చుక్కలకే నాకు పండగైంది!

అత్తమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి లేవబోయింది. "ఇగ వంట జూస్త."

భుజం పట్టి కూర్చోబెట్టాను. "అత్తమ్మా, బువ్వ తిన్నవా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "తినలే బిడ్డా" అంది.

అన్నం నేనే వండి పళ్లెంలో పెట్టి, పొద్దటి పులుసు పోసి, ఆమె కూర్చున్న చోటికే తెచ్చి ఇచ్చాను. "వారం దాక పొయ్యి కాడికి రాకు."

"డాక్టరమ్మ చెప్పింది పిల్లికి గదనే."

"ఇద్దరికి" అన్నాను.