చెప్పులున్న మూల

అక్కా తనూ కలిసి చేసిన చిప్పులతో నడిచే చివరి యంత్రాన్ని ఆపేస్తున్నారని మెకానిక్ ఫోన్ చేసినప్పుడు సందులమ్మ అడిగింది ఒకటే మాట.

"అందులో ఉన్నవి మొదటి రకమా, రెండో రకమా?"

"చిప్పులంటే చిప్పులే కదా మేడమ్. పదహారున్నాయి. విప్పి తుక్కులో వెయ్యమన్నారు."

"నేనొచ్చేదాకా ముట్టుకోకు నాయనా," అంది, అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతూ.

సందులమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. తపాలాబిళ్ళంత సిలికాన్ ముక్క మీద లక్షల తీగలకు దారులు వెయ్యడం ఆమె ఉద్యోగం. ఇక చోటు లేదని అందరూ చేతులెత్తేశాక ఆమె ఎక్కడో ఒక సందు వెతికి తీగను దూర్చేది. దాంతో ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. అక్కదీ అదే ఆఫీసు, కాకపోతే ఇంకా పెద్ద పని. ఆ చిప్పులు, అంటే ప్రాసెసర్లు, ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నిర్ణయించేది అక్క.

అవి ఇళ్ళలో ఉండే కంప్యూటర్ల కోసం చేసినవి కావు. బ్యాంకులు, రైళ్ళు, ఆస్పత్రులు రాత్రీ పగలూ నడవడానికి పెట్టుకునే బీరువాలంత యంత్రాల కోసం చేసినవి. ఒక్కో యంత్రంలో పదహారు ప్రాసెసర్లు ఒకే పని మీద కూర్చునేవి. వాటిలో ఏదైనా ఒక అంకెను మార్చిందంటే, ఆ అంకె నకలు దాచుకున్న మిగతావాటికి వెంటనే కబురు వెళ్ళాలి. నీ దగ్గరున్నది పాతబడింది, పారెయ్ అని. ఆ కబురు నడిచే పద్ధతి అంతా అక్కే కట్టింది.

మొదటి చిప్పు పూర్తయినప్పుడు ఒక మూల కాస్త ఖాళీ మిగిలింది. అలాంటి ఖాళీల్లో కంటికి ఆనని బొమ్మలు గీసుకోవడం ఆ పనివాళ్ళకు సరదా. ఒకాయన తన కుక్కను గీసుకున్నాడు. అక్క మాత్రం చెప్పుల జత గీయమంది.

చిన్నప్పుడు వాళ్ళిద్దరికీ కలిపి ఒకే జత ఉండేది. అక్క బయటినుంచి వచ్చి గుమ్మంలో విసిరేస్తే ఒకటి సరిగా, ఒకటి బోర్లా పడేది. ఆ బోర్లా పడ్డదాన్ని బొటనవేలితో తిప్పుకుని, కాళ్ళు దూర్చుకుని చెల్లెలు పరిగెత్తేది. అన్నేళ్ళలో అక్క ఒక్కసారైనా వాటిని సరిగా విడిచింది లేదు.

"ఒకటి బోర్లా పెట్టవే. లేకపోతే మనవని ఎలా తెలుస్తుంది?" అంది అక్క తెర వైపు వంగి. నెలలు నిండిన కడుపు బల్లకు తగులుతుంటే ఆయాసపడుతూ నవ్వింది.

అక్క పురిటికి వెళ్ళిన పదో రోజున పరీక్షల్లో తప్పు బయటపడింది. కొన్ని కోట్ల సార్లకు ఒకసారి, ఒక ప్రాసెసర్‌కు ఆ కబురు అందడం లేదు. పాత అంకెనే నిజమనుకుని అది పని చేసుకుపోతోంది. వారం రోజులు తవ్వితే తేలిందేమిటంటే, తప్పు తీగల్లో లేదు, అక్క ఆలోచనలోనే ఉంది.

"మీ అక్కకి చెప్పాలి," అన్నాడు పెద్దసారు.

"పచ్చి బాలింత సార్. కబురు చెబితే పిల్లని చంకనేసుకుని వచ్చేస్తుంది. తీగ పొడుగై కబురు ఆలస్యమైందని రాయండి. నా పేరు వెయ్యండి."

దిద్దడానికి కొత్తగా కొన్ని తీగలు, వాటికి కాస్త చోటు కావాలి. సందులమ్మ మూడు రోజులు వెతికింది. మూలనున్న చెప్పుల కింద తప్ప ఎక్కడా సందు లేదు. ఆ బొమ్మ చుట్టూ గీత లాగి, ఒక మీట నొక్కింది. అంతే. అంతకుముందు వాడి చూడమని కొందరికి ఇచ్చిన మొదటి రకం చిప్పుల్ని వెనక్కి తెప్పించి నుజ్జు చేశారు. ఆ తర్వాత లోకంలోకి వెళ్ళిందంతా రెండో రకమే.

మూడు నెలల తర్వాత అక్క వచ్చి అడిగింది. "తీగ పొడుగైందటగా, నా పరువు తీసేదానివే. మన చెప్పులు భద్రమేనా?"

"భద్రమే," అంది చెల్లెలు. రేపు చెబుదాంలే అనుకుంది.

ఆ చిప్పు పదేళ్ళపాటు వెలిగిపోయింది. టికెట్ కౌంటర్ దగ్గరైనా, డబ్బు మెషీన్ దగ్గరైనా అక్క చెల్లెల్ని మోచేత్తో పొడిచేది. "దీని వెనకాల ఎక్కడో మన చెప్పులున్నాయే. ఎవరైనా తొడుక్కుపోతారేమో చూస్తుండు." చెల్లెలు నవ్వేది. ఒకసారి నవ్వాక రెండోసారి నవ్వక తప్పలేదు.

తర్వాత ఇళ్ళ కంప్యూటర్ల చిప్పులు ఈ పెద్ద యంత్రాల గదుల్లోకి వచ్చాయి. అవి కోట్లలో అమ్ముడయ్యేవి కాబట్టి ఏడాదికో కొత్తది చెయ్యగలిగేవాళ్ళు. వీళ్ళవి వేలల్లో పోయేవి, కొత్తదానికి నాలుగేళ్ళు పట్టేది. ఒక బీరువా చేసే పనిని వంద చవక పెట్టెలు పంచుకుని చేసేశాయి. వాటిలో రెండు చచ్చినా ఎవరికీ పట్టలేదు. "ఏనుగుని చీమలు మోసుకుపోతున్నాయి," అనేది అక్క. తర్వాత చేస్తున్న కొత్త చిప్పును సగంలో ఆపేసి, అందరికీ తలా ఒక ఉత్తరం చేతిలో పెట్టి పంపేశారు. గీసిన బొమ్మలన్నీ ఎవరి డ్రాయర్‌లో వాళ్ళే వదిలేసి వచ్చారు.

కిందటేడు పోయేముందు, ఆస్పత్రి మంచం మీద అక్క చివరిసారి ఆ చెప్పుల మాటే ఎత్తింది. నర్సు కంప్యూటర్‌లో వివరాలు ఎక్కిస్తుంటే కళ్ళతో అటు చూపించి, "ఇది చీమల పెట్టె కదే. మన చెప్పులు బయటే విడిచి వచ్చాం," అంది. చెల్లెలు అప్పుడూ నవ్వింది.

ఈ మధ్యే అక్క కూతురు అడిగింది. "అమ్మ చెప్పులున్న చిప్పు ఒక్కటి తెచ్చిపెట్టు పిన్నీ. బల్ల మీద పెట్టుకుంటాను."

ఆ చివరి యంత్రం నీళ్ళ సరఫరా ఆఫీసుది. విప్పేముందు ఫోన్ చెయ్యమని అక్కడి మెకానిక్‌కు ఆమె ముందే చెప్పి పెట్టింది. మొదటి రకం తీసుకున్నవాళ్ళలో వాళ్ళు కూడా ఉన్నారని సందులమ్మకు గుర్తు. ఏ ఒక్కటైనా వెనక్కి పంపకుండా మిగిలిందేమోనన్న ఆశతో వచ్చింది. మెకానిక్ ఒక్కొక్కటీ ఊడదీసి ఇస్తుంటే కళ్ళజోడు పైకెత్తి, మూత మీది అంకెల చివర చూసింది. రెండు. రెండు. రెండు.

"చేపల బజార్లో మొప్పలెత్తి చూసినట్టు చూస్తున్నారే," అన్నాడతను. పదహారోదాన్ని మాత్రం తన చొక్కాకి తుడిచి మరీ ఇచ్చాడు. దాని చివరా రెండే ఉంది.

ఆమె దాన్నే రుమాలులో చుట్టుకుని బస్సెక్కింది.

ఆ చిప్పుల్లో బొమ్మలుండే ముఖం కిందికి ఉంటుంది, నేలకు బోర్లా అతికించినట్టు. చూడాలంటే ఊడబెరికి పాడుచెయ్యాల్సిందే. అంటే ఎవరూ చూడరు. ఎవరికీ తెలియదు. దిగాల్సిన చోటు వచ్చేసరికి ఆమె దాదాపు నిశ్చయించుకుంది, ఇచ్చేసి ఊరుకుందామని.

అక్క కూతురు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "ఏ మూల పిన్నీ?"

"ఇదిగో, ఇటు."

"తెరవన్లే. తెరిస్తే పాడైపోతుందిగా. అమ్మ ఉన్నాయంది, అది చాలు." ఆ మూలను వేలితో నిమిరింది. తల్లి వేళ్ళే.

"ఆగు తల్లీ," అంది సందులమ్మ. "నీ దగ్గరున్నది పాత మాట. అందులో చెప్పులు లేవు. నువ్వు పుట్టిన నెలలోనే నేను చెరిపేశాను. చోటు చాలక."

పిల్ల వేలు ఆ మూల మీదే ఆగిపోయింది. "అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"ఆస్పత్రిలో కూడా అందిగా. నేను పక్కనే ఉన్నాను. నువ్వు నవ్వావు."

"నవ్వాను."

పిల్ల చిప్పును బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎందుకు చెరపాల్సొచ్చింది? తీగ పొడుగైందని అమ్మ అంటుండేది. నీదేనటగా ఆ తప్పు."

సందులమ్మ ఆ మొహం వైపు చూసింది. తల్లి ఎక్కడా పొరబడలేదని నమ్ముతూ పెరిగిన మొహం.

"అవునమ్మా. తీగ పొడుగైంది."

పిల్ల లేచి వెళ్ళింది. ఇక తిరిగి రాదనుకుంది సందులమ్మ. కానీ కాగితం, పెన్సిల్ పట్టుకుని వచ్చింది. కళ్ళు కడుక్కుని వచ్చినట్టుంది. కాగితం మీద అక్కడక్కడా తడి అయింది.

"ఎలా ఉండేవో గియ్యి."

సందులమ్మ ఒక చెప్పు గీసింది. పట్టీ, వేలి దగ్గర ముడి. రెండోదానికి మడమ గీత మొదలుపెట్టి ఆగింది.

"ఒకటి బోర్లా ఉండేదిగా," అంది పిల్ల. "ఏ కాలిది?"

ఆమె కళ్ళు మూసుకుంది. బల్ల కింద, లేని చెప్పును కుడికాలి బొటనవేలితో తిప్పి చూసింది. తర్వాత ఎడమకాలితో తిప్పి చూసింది. రెండూ అలవాటైన కదలికల్లాగే ఉన్నాయి. అడగడానికి ఇంకెవరూ లేరు.

పెన్సిల్ మొన కాగితం మీద ఆనించి అలాగే కూర్చుంది.