వేళ్ళు దిగిన మోటారు ఇల్లు

బ్రేకులకు ఆముదం పోసింది తానేనని ముత్యాలమ్మ ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పలేదు.

ఆ దీవిలో షెమాన్ గ్రెనియే ఊరి చెరకు తోటల దొర ఆ మోటారు ఇంటిని పంతొమ్మిదివందల ఇరవైనాలుగులో ఓడ మీద తెప్పించాడు. లోపల రెండు మంచాలు, పొయ్యి, అద్దాల బీరువా. నడిపేది ముత్యాలమ్మ తండ్రి రంగయ్య. కనిపెట్టుకుని ఉండేది ముత్యాలమ్మ. పొద్దున్నే వదులైన మరలు బిగించడం, పైకప్పు చిల్లులకు తారు పూయడం, చక్రాల కింద దిగిన వేళ్ళు కొయ్యడం ఆమె పని. కదపకుండా ఉంచితే ఆ బండి నేలలోకి వేళ్ళు దించుతుంది. వాన పడితే మరీను.

"ఇంత ఖరీదైన బండికి ఇన్ని మరమ్మతులేమిటి?" అంటాడు దొర వచ్చినప్పుడల్లా.

"మీ మేడను రోజూ గతుకుల్లో ఈడ్చి చూడండి, తెలుస్తుంది," అని గొణుగుతాడు రంగయ్య, దొర వెళ్ళాక. పాత డ్రైవరు ఆ మాట ఎదురుగానే అన్నాడు. ఆ వారమే కొలువూ పోయింది, తోటవాళ్ళిచ్చిన ఇల్లూ పోయింది.

పోయిన నెల రంగయ్య జ్వరంతో పడుకున్నాడు. అంతకుముందు ప్రయాణంలో బ్రేకులు కీచుమన్నాయని, ఎడ్లబండి ఇరుసుకు పెట్టినట్టే, ముత్యాలమ్మ వాటికి దండిగా ఆముదం పట్టించింది. బండితో వచ్చిన ఫ్రెంచి పుస్తకాన్ని ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని తనంతట తానే చదువుకుంటోంది. బ్రేకుల పేజీకి వచ్చేసరికి మూడు వారాలు దాటింది. నూనె తగిలితే బ్రేకు పట్టదనీ, పట్టీలు మార్చాల్సిందేననీ అందులో ఉంది. అప్పటి నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

ఈ రోజే రంగయ్య దొర కుటుంబం ఉండే కాత్ర్ బోర్న్ ఊరికి వెళ్ళి, దొరసానినీ పిల్లల్నీ ఎక్కించుకుని, కొండదారిన సముద్రానికి దిగాలి.

నాయనకు చెబితే ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. గుడ్డతో తుడిచి, సింహాద్రప్పన్నకు దణ్ణం పెట్టి, బండి తీస్తాడు. దొరకు మాత్రం చచ్చినా చెప్పడు.

తెల్లారేసరికి వేళ్ళు తొడంత లావయ్యాయి. రంగయ్య చెరకు కత్తితో ఒకటి నరికితే పక్కన రెండు లేచాయి.

"రాత్రి వాన గట్టిగా పడిందిలే," అన్నాడు తోటలో పనిచేసే ఎంకన్న, తన కత్తి తీసుకుని వచ్చి. "బావా, దొరసానిని ఇక్కడే కాపురం పెట్టమను. నాలుగు రోజులాగితే కాయలు కూడా కాస్తుంది."

"నవ్వకు. మధ్యాహ్నానికి ఎలాగైనా తీస్తాను." రంగయ్య మళ్ళీ కత్తి ఎత్తాడు. "అమ్మాయ్, ఇంకో ఇద్దర్ని పిలుచుకు రా."

ఆమె పరుగెత్తింది. మిల్లు ఆఫీసులో టెలిఫోన్ చూసే జోసెలిన్ కిటికీలోంచి కేకేసింది.

"ఏమే, మీ ఇల్లు ఇంకా మొలుస్తూనే ఉందా? బయలుదేరారా అని దొర ఫోన్ చేశాడు."

"ఏం చెప్పావు?"

"దారిలో ఉన్నారన్నాను. పాపం, మీ నాన్న తిట్లు తినడం ఎందుకని."

ముత్యాలమ్మ ఆగిపోయింది. నిన్న వేళ్ళు కొయ్యకుండా వదిలేసి బండిని ఒక్క పూట ఆపగలిగింది, అంతే. మధ్యాహ్నానికి ఆ వేళ్ళు తెగుతాయి. తోటవాళ్ళిచ్చిన ఇల్లు పోతే పోనీ అనుకునే ధైర్యం ఆమెకు లేదు. అయినా ఆఫీసు మెట్లెక్కి లోపలికి వచ్చింది.

"జోసెలిన్, దొరకు మళ్ళీ కలుపు. నేను మాట్లాడాలి."